మొదట చెయ్యి చాపింది అర్డీలియా

ఆరాధన ముగిసి జనం చర్చి మెట్లు దిగేసరికి ఆరోగ్యశాఖ వాళ్ళ రక్తపరీక్షల తెల్లబండి పెకాన్ చెట్ల నీడలో ఆగి ఉంది. తలుపు తెరిచే ఉంది, లోపల నర్సు చేతులకు తొడుగులు వేసుకుని కూర్చునే ఉంది, ఎక్కేవాళ్ళే లేరు. అందరూ బండిని చూడనట్టే నటిస్తూ, దానికి కాస్త ఎడంగా చుట్టు తిరిగి, చేపలు వేగుతున్న చోటికి పోతున్నారు. అలబామాలోని ఆ జిల్లాలో నల్లవాళ్ళు సర్కారు బండిని చూసి జంకడం ఇవాళ్టి సంగతి కాదు.

అర్డీలియా మోస్లీ ఆ బండిని రప్పించడానికి చలికాలం నుంచీ కాళ్ళరిగేలా తిరిగింది. ఆవిడ హైస్కూల్లో గృహవిజ్ఞానం టీచరు. బడిలో ఆడపిల్లలకి 'పెళ్ళిదాకా ఆగండి' అన్న ఒక్క ముక్క దాటి చెప్పడానికి వీల్లేదు. ఆ ఒక్క ముక్కా విన్న పిల్లల్లోనే ఏటా ఇద్దరో ముగ్గురో కడుపుతో బడి మానేసేవారు. జబ్బులు తగిలించుకుని ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయేవాళ్ళ లెక్క అసలు తెలియదు. అది చూడలేక ఆవిడ గురువారం సాయంత్రాలు చర్చి కింది గదిలో తల్లుల్నీ కూతుళ్ళనీ కలిపి కూర్చోబెట్టడం మొదలుపెట్టింది.

పై ఊళ్ళ నుంచి వచ్చిన రంగురంగుల కరపత్రాల్లో వీళ్ళ మొహాలకి దగ్గరగా ఉన్న మొహం ఒక్కటీ లేదు. వాటిని పక్కన పడేసి, "మీ అమ్మమ్మలు ఏం చెప్పారో అక్కణ్ణించి మొదలెడదాం," అంది.

"గౌను కిందికి, తల పైకి," అన్నారు తల్లులంతా ఒక్క గొంతుతో.

"మంచి మాటే. ఎందుకో ఎవరైనా చెప్పారా?"

ఎవరికీ ఎవరూ చెప్పలేదు. "నేను పెద్దమనిషినైన రోజున మా అమ్మ చేతికో గుడ్డముక్క ఇచ్చి, ఇక మగపిల్లలతో ఆడకు అంది," అంది బర్నస్టీన్. ఆవిడ అర్డీలియాకి చిన్ననాటి స్నేహితురాలు. "ఏడాదిపాటు మా తమ్ముడితో కూడా బంతాట ఆడలేదు నేను. వాడు నాకేదో రోగం వచ్చిందనుకుని ఏడ్చాడు పాపం."

ఆ రోజు గది పైకప్పు ఎగిరేలా నవ్వారు. ఆ నవ్వు తర్వాత నోళ్ళు తెరుచుకున్నాయి. కండోమ్ ఎలా వాడాలో అర్డీలియా చిలగడదుంప మీద చూపిస్తే, "ఆ దుంపతో తీపి రొట్టె చేసి చర్చికి మాత్రం తేకే తల్లీ," అంది బర్నస్టీన్. గర్భసంచిలో గడ్డల గురించి, నెలనెలా రక్తం ధారలు కట్టడం మనకి రాసిపెట్టి ఉన్న రాతేమీ కాదన్న దాని గురించి కూడా మాట్లాడుకున్నారు. నల్లదాని నొప్పి అంటే సగమే నమ్మే డాక్టరుతో ఎలా మాట్లాడాలో కూడా నేర్పింది. "ఎంత నొప్పి అని అడిగితే మర్యాదకి పోయి తగ్గించి చెప్పకండి. అక్కడ మర్యాద పనికిరాదు."

పాస్టర్ ప్యూరిఫోయ్ ప్రసంగవేదిక మీద నుంచే ఆవిణ్ణి మెచ్చుకున్నాడు. "మన సంఘంలో ఒక దెబోరా లేచింది," అన్నాడు. బైబిల్లో జనాన్ని ముందుండి నడిపించిన ఆడమనిషి పేరది. అంతా ఆమెన్ అన్నారు.

అలాంటి ఆవిడ పిలిపించిన బండి ఇప్పుడు ఖాళీగా ఉంది. చేపల మూకుడు దగ్గర ఆవిడ భర్త ఓథా నిలబడి ఉన్నాడు. కలప లారీ తోలే మనిషి, సంఘపెద్ద, ఆరడుగుల పైన ఉంటాడు. "ఏం ఓథా, ఎక్కవా బండి?" అని ఎవరో అడిగితే, "నా రక్తం నా ఒంట్లోనే ఉంటుంది," అన్నాడు చేప తిరగేస్తూ. అడిగినవాడు పళ్ళెం అందుకుని పక్కకి తప్పుకున్నాడు. ఓథా తాతగారి సంగతి అందరికీ తెలుసు. సర్కారు డాక్టర్లు ఆయనకి 'చెడ్డరక్తం' ఉందని చెప్పి, కారు పంపించి, వేడి భోజనం పెట్టి, పోతే సమాధి ఖర్చు మేమిస్తామని నమ్మించి, ఏళ్ళ తరబడి రక్తం తీసుకుపోయారు. ఉన్నది సిఫిలిస్ అని చెప్పలేదు. మందు వచ్చాక కూడా ఇవ్వలేదు. ఆ రోగం మనిషిని ఎలా తింటుందో చూస్తూ రాసుకున్నారు. తాతకి చివరికి కళ్ళు పోయాయి. నానమ్మకి నలుగురు బిడ్డలు పుట్టకముందే పోయారు. అలాంటి ఇంటి మనిషిని సూదికి చెయ్యి చాపమని ఎవరడుగుతారు? అర్డీలియా కూడా పెళ్ళైన ఇరవై ఏడేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

ఆవిడ ఆదివారపు టోపీ తీసి బర్నస్టీన్ కూతురు నకియా చేతికిచ్చింది. "పట్టుకో బేబీ. బోణీ నాదే," అని అందరికీ వినపడేలా అని, బండెక్కి, చొక్కా చెయ్యి పైకి మడిచి చాపింది. తలుపు దగ్గర నుంచి నకియా చూసింది. తర్వాత బర్నస్టీన్ ఎక్కింది. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు వరస కట్టారు. చేపలు చల్లారిపోయాయి గాని వరస తరగలేదు. ఆ సాయంత్రం అర్డీలియాకి నేల మీద కాళ్ళు ఆనలేదు.

వారం తిరక్కుండా ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది, ఒకసారి రమ్మని. పిల్లల ఫలితాల గురించేమో అనుకుని ఆవిడ తీరిగ్గా లిప్‌స్టిక్ వేసుకుని మరీ వెళ్ళింది.

నర్సు టాలివర్ తలుపు దగ్గరగా వేసి, కుర్చీ పక్కకి లాక్కుని కూర్చుంది. ఆ కుర్చీ అలా లాక్కోవడంలోనే ఇది పిల్లల సంగతి కాదని అర్డీలియాకి తెలిసిపోయింది.

"మీ రక్తంలో సిఫిలిస్ ఉందమ్మా. రెండు రకాలుగా చూశాం. పొరపాటు కాదు."

"ఇంకెవరి రక్తమో కలిసిపోయి ఉంటుంది. ఆ రోజు చాలామంది ఇచ్చారు."

"మొదటి సీసా మీదే కదమ్మా."

అవును. మొదటిది తనదే.

నర్సు ప్రశ్నలు అడిగింది. ఒంటి మీద దద్దుర్లు వచ్చాయా, ఎప్పుడైనా పుండు కనిపించిందా, ఎంతమందితో సంబంధం ఉంది. ఇవే ప్రశ్నలకి జంకకుండా జవాబు చెప్పడం గురువారం గురువారం పిల్లలకి నేర్పిన మనిషి, ఆ మూడోదాని దగ్గర తల వంచుకుని, "ఒక్కరే," అంది. "నా జన్మకి ఒక్కరే."

నర్సు కాగితం మీద రాసుకుంది. తర్వాత, ఇది ఏడాది పైనుంచే ఉండి ఉండొచ్చని, నొప్పీ గిప్పీ లేకుండా లోపలే దాక్కుంటుందని, కళ్ళకీ మెదడుకీ పాకకముందే దొరికినందుకు సంతోషించాలని, పెనిసిలిన్‌తో పూర్తిగా నయమవుతుందని చెప్పింది. సూది తుంటికి వేసింది. కాలు బండబారిపోయింది. "మీ ఆయన కూడా రావాలి," అంది చివర్లో. అర్డీలియా తల ఊపింది.

ఇంటికి వచ్చే దారిలో ఆవిడ చేసిన పని ఒక్కటే. మొగుడి తరఫున సాకులు వెతికింది. ఎప్పుడో కుర్రతనంలో, తను పరిచయం కాకముందు, ఏదో జరిగి ఉంటుంది. పాపం వాళ్ళ తాతలాగే తనలో ఏముందో తనకే తెలియదేమో. గేటు దగ్గరికి వచ్చేసరికి జాలి కూడా పడింది.

ఓథా వరండాలో కూర్చుని ఒళ్ళో గిన్నె పెట్టుకుని బొబ్బర్లు ఒలుస్తున్నాడు. "ఏమన్నారు డీలీ? పిల్లలంతా బాగానే ఉన్నారా?"

"పిల్లల సంగతి కాదు. నాకే. సిఫిలిస్ అట, ఓథా."

చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "ఎవరెవరికి తెలుసు?" అన్నాడు.

ఆ మాట ఆవిడకి ఎక్కడో గుచ్చుకుంది గాని అప్పుడు పట్టించుకోలేదు. మెట్టు మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుని, దారి పొడుగునా కూడబెట్టుకొచ్చిన సాకులన్నీ ఆయనకి తనే అందించింది. "పెళ్ళికి ముందెప్పటిదో అయ్యుంటుంది. లోపలే దాక్కుంటుందట. నువ్వూ సూది వేయించుకోవాలి. నీకెంత కష్టమో నాకు తెలుసు. నేను పక్కనే ఉంటా. చెయ్యి పట్టుకునే ఉంటా."

"అయ్యుంటుంది," అన్నాడు ఓథా, బొబ్బర్ల వంక చూస్తూ. "కుర్రతనంలో... అయ్యుంటుంది. చూద్దాంలే." తర్వాత గిన్నె పక్కన పెట్టి, ఆవిణ్ణి లేవదీయడానికి చెయ్యి అందించాడు. ఆ గొంతులో నిజమైన ప్రేమే ఉంది. "ఇవాళ పొయ్యి దగ్గర నిలబడకు. తుంటి కింద దిండు పెట్టుకుని పక్కకి తిరిగి పడుకో. వేడిగుడ్డ నేను కాచి పెడతా. ఈ మొదటి సూదే బాధ. రెండోది ఇంత ఉండదు."

అర్డీలియా ఆ చెయ్యి పట్టుకోబోయి ఆగింది.

"తుంటికని నేను చెప్పలేదే," అంది. "రెండోది ఉందని కూడా చెప్పలేదు."

ఓథా చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పోయినేడు ఈస్టర్ ముందు ఆయన చర్చి చూరు బాగుచేస్తూ నిచ్చెన మీద నుంచి పడ్డానని కుంటుకుంటూ వచ్చాడు. వారం తర్వాత మళ్ళీ నొప్పి తిరగబెట్టిందన్నాడు. ఆ పై వారం మళ్ళీ. తిరగబెట్టినప్పుడల్లా ఆవిడ తువ్వాళ్ళు కాచి కాచి కాపడం పెట్టింది. కదిలితే నొప్పి అని ఆయన పక్కగదిలో పడుకుంటే, దిండ్లు తనే సర్దింది.

"నిచ్చెన మీంచి పడ్డది అబద్ధమా?"

"డీలీ..."

"అబద్ధమా కాదా?"

"మాంట్గమరీ ఆస్పత్రిలో సూదులు వేయించుకున్నా." కూర్చున్న చోటే ఆయన మనిషి సగమైపోయాడు. "ఆవిడెవరో అడక్కు. అయిపోయింది, ఎప్పుడో వదిలేశా. తనకి తేలితే ఫోన్ చేసి చెప్పింది, నువ్వూ చూపించుకో అని."

"ఆవిడ చెప్పింది." అర్డీలియా ఆ మాటని రెండుసార్లు అంది. "ముక్కూ మొహం నేనెరగని ఆడది, నీకు ఫోన్ చేసి మరీ చెప్పింది. ఒకే కంచం ఒకే మంచం అయిన దానికి నువ్వు చెప్పలేదు."

"ఎలా చెప్పను? అప్పుడే నీ గురువారాలు మొదలయ్యాయి. ఊరంతా నిన్ను నెత్తిన పెట్టుకుంది. చెప్తే నీ పరువు ఏం కాను?"

"నా పరువు కాపాడావా! అక్కడ నర్సు అడగలేదా నిన్ను, పెళ్ళాం ఉందా అని?"

"అడిగింది."

"ఏమన్నావు?"

"లేదన్నా."

రోడ్డు మీద ఎవరిదో కారు హారన్ కొట్టుకుంటూ పోయింది. అలవాటుగా ఓథా చెయ్యెత్తి ఊపాడు. మనిషి ఇలాంటప్పుడు కూడా చెయ్యెత్తి ఊపగలడా అని అర్డీలియా చూస్తూ ఉండిపోయింది.

"మీ తాతకి జబ్బుందని వాళ్ళకి తెలుసు, మందుందనీ తెలుసు," అంది. అరవలేదు. "చెప్పకుండా ఊరుకున్నారు. నువ్వు నాకు చేసింది వేరేనా?"

"ఆయన్ని ఇందులోకి లాగకు!" ఓథా లేచి నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు. "అది వేరు. వాళ్ళు..."

"లాగింది నేనా? మొన్న మూకుడు ముందు నిలబడి, నా రక్తం నా ఒంట్లోనే అన్నది ఎవరు? సూది వేయించుకుని నీ దారి నువ్వు చూసుకున్నాక కూడా ఆయన పేరు చెప్పుకునే తప్పించుకున్నావు. నేను ఆ ముసలాయన్ని తలుచుకుని ఇన్నేళ్ళూ నిన్నొక్క మాట అడగలేదు."

ఆవిడ మెట్లు దిగి గేటు వైపు నడిచింది. వెనక నుంచి ఓథా, ఏడుపు గొంతుతో, "పాస్టరు గారికి చెప్పుకున్నా డీలీ. అప్పుడే చెప్పుకున్నా. దేవుడు క్షమించాడన్నారు," అన్నాడు. అదేదో తనకి ఊరట అయినట్టు.

పాస్టరు ప్యూరిఫోయ్ పెరట్లో టమాటా మొక్కలకి కర్రలు కడుతున్నాడు. ఆవిడ కుంటుతూ రావడం చూడగానే ఆయనకి అర్థమైపోయింది.

"మీకు తెలుసా?" అంది అర్డీలియా.

"ఒక మనిషి పశ్చాత్తాపంతో చెప్పుకున్నది బయట పెట్టడం నా పని కాదు, సిస్టర్ మోస్లీ. సమయం చూసి నువ్వే చెప్పు అని సలహా ఇచ్చాను."

"ఏడాది దాటింది పాస్టరు గారూ. ఇంకా సమయం రాలేదా? నేను ఆయన పక్కనే పడుకున్నాను కదా, నా సంగతి మీకు గుర్తు రాలేదా?"

"నువ్వు సంఘానికి చేస్తున్న మేలు చూశాను. అది చెడిపోతుందని భయపడ్డాను."

"నన్ను దెబోరా అన్నారు మీరు. ఆ ఆదివారానికే మీకు తెలుసు. తెలిసీ అన్నారు."

ఆయన చేతిలోని పురికొస ముడి వేసుకుంటూ ఉండిపోయాడు. తర్వాత మెత్తగా అన్నాడు. "కొన్నాళ్ళు ఆ గురువారాలు ఆపుదాం. నీకూ విశ్రాంతి. పిల్లల ముందు ఇలాంటివి... తల్లులు ఏమనుకుంటారు?"

ఓథా మీద వచ్చింది దుఃఖం. ఈయన మీద వచ్చింది మాత్రం ఒట్టి అసహ్యం. మొగుడు పిరికివాడు. ఈయన పిరికివాడు కూడా కాదు. లెక్క చూసుకుని, అర్డీలియా ఆరోగ్యం కన్నా ఆవిడ పాఠాలు సంఘానికి ఎక్కువ పనికొస్తాయని తేల్చుకున్న మనిషి. ఆవిడ వెనక్కి తిరిగింది.

ఆ గురువారం వచ్చేసరికి ఓథా బట్టలు మూటగట్టుకుని తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆవిడ పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. చర్చి కింది గది తాళంచెవి ఇంకా తన దగ్గరే ఉంది. తలుపు తీసి, కుర్చీలు వేసింది. తల్లులూ కూతుళ్ళూ మామూలుగానే వచ్చారు. నిమ్మకాయ కేకు ఎవరో తెచ్చారు.

"ఆ కేకు తర్వాత," అంది అర్డీలియా. "ముందు నేనొకటి చెప్పాలి. ఆ రోజు బండెక్కి మొదట చెయ్యి చాపాను కదా. నాకు సిఫిలిస్ ఉందని తేలింది. మందు పడుతోంది, తగ్గిపోతుంది. నేను ఇరవై ఏడేళ్ళుగా పెళ్ళైన దాన్ని. నేనెరిగింది ఒక్క మగవాణ్ణే."

లెక్క కట్టడానికి ఎవరికీ పెద్ద చదువు అక్కర్లేదు. గాయకబృందంలో అర్డీలియా పక్కనే నిలబడి పాడే మిసెస్ గోల్స్టన్ లేచి, ఇద్దరు కూతుళ్ళ చేతులూ పట్టుకుని, "సంసారం గుట్టు ఇలా వీధిలో పెట్టుకుంటారా," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు. బర్నస్టీన్ మాత్రం కదల్లేదు. రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుంది.

నకియా అడిగింది. "మరి ఎవర్ని నమ్మాలి మిస్ డీలియా?"

ఇలాంటిదానికి అర్డీలియా దగ్గర ఎప్పుడూ ఒక జవాబు సిద్ధంగా ఉండేది.

"నాకు తెలీదు బేబీ. ఇవాళ్టికి మాత్రం తెలీదు." కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. తుంటి ఇంకా సలుపుతోంది. "ఒకటి మాత్రం చెప్తా. నమ్మడం వేరు, పరీక్ష చేయించుకో అని అడగడం వేరు. నమ్మినవాణ్ణి కూడా అడగొచ్చు. అడిగితే, నా మీద నమ్మకం లేదా అంటాడు. లేదా తన కష్టం ఏదో చెప్తాడు, అది నిజమైన కష్టమే అయ్యుంటుంది. అయినా అడగాలి. నేను అడగలేదు. మీ దగ్గర ఇంత వాగినదాన్ని, నా ఇంట్లో నోరు మూసుకున్నా."

అంతవరకూ చెప్పి ఏడ్చింది. పిల్లల ముందు ఏడవకూడదనుకుంది గాని ఆగలేదు. బర్నస్టీన్ వచ్చి పట్టుకుంది.

ఆదివారం నాటికి గది తాళం మార్చారు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ వెలివేయలేదు. పలకరింపులు మాత్రం పొట్టివైపోయాయి. గాయకబృందంలో ఆవిడ చోటు ఖాళీగానే ఉంచారు గాని రమ్మని ఎవరూ పిలవలేదు. ఆవిడా వెళ్ళలేదు. ఆ పాటలంటే ప్రాణం ఆవిడకి. అంట్లు తోముతూ ఇంట్లో పాడుకోబోతే తన ఆల్టో, ఆ కిందిస్థాయి గొంతు, ఒక్కటే ఉండి, తోడు గొంతులు లేక వెలితిగా వినిపించి ఆపేసేది. గురువారాలు ఆవిడ ముందుగదిలోకి మారాయి. సగం మంది రావడం మానేశారు. ఆస్పత్రికి ఆఖరి సూదికి వెళ్ళిన రోజున మిసెస్ గోల్స్టన్ అక్కడ, తలకి రుమాలు కట్టుకుని, మూల కుర్చీలో కనిపించింది. ఇద్దరూ ఒకరినొకరు చూసి చూడనట్టు ఊరుకున్నారు.

వేసవి చివర్లో ఒక గురువారం ఓథా లారీ గేటు ముందు ఆగింది. చిక్కిపోయాడు. మెట్ల మీద కూర్చున్నాడు, లోపలికి రానని తనకే తెలిసినట్టు. తెరతలుపు వెనక అర్డీలియా నిలబడింది.

"మళ్ళీ పరీక్ష చేయించుకున్నా. ఏం లేదట," అన్నాడు. "పోయిన శనివారం మగవాళ్ళ కూటంలో చెప్పేశా డీలీ. లేచి నిలబడి చెప్పా."

"ఏమని?"

"నాకు రోగం వచ్చిందని. తప్పు చేశానని. మీరంతా పరీక్షలు చేయించుకోండని."

"వాళ్ళేమన్నారు?"

"నలుగురు వెళ్ళారు. ముసలి సంఘపెద్ద కూడా వెళ్ళాడు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో చిన్న వెలుగు కనిపించింది. మెచ్చుకుంటుందని ఎదురుచూశాడు.

మెచ్చుకోవాల్సిన పనే. అది ఆవిడకీ తెలుసు. "రోగం వచ్చిందని చెప్పావు. సరే. నువ్వొక్కడివే మందు వేయించుకుని వచ్చి నా పక్కన పడుకున్నావని చెప్పావా? పెళ్ళాం లేదన్నానని చెప్పావా?"

ఓథా టోపీ అంచు తిప్పుతూ కూర్చున్నాడు.

"రోగం ఎవరికైనా వస్తుంది ఓథా. దానికి నేను నిన్ను విడిచిపెట్టేదాన్ని కాదు. అది చెప్పిన రోజున రా. అప్పుడు కూడా ఏమంటానో నాకు తెలీదు. కానీ రా."

ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, లారీ ఎక్కాడు. చర్చి వైపు తిరిగాడో, తమ్ముడి ఇంటి వైపు తిరిగాడో ఆవిడ చూడలేదు. వంటగదిలోకి వెళ్ళి తీపి టీలో మంచు వేసింది. ముందుగదిలో కుర్చీలు చాలవు, భోజనాల బల్ల దగ్గరవి కూడా లాక్కొచ్చి వేసింది. నకియా కొత్తగా ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని గేటు తీసుకుని లోపలికి వస్తోంది.